నేను చూడలేదని రాసిన పక్షి

పోయిన మాఘంలో దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్ళికని బీదర్ వెళ్ళాను. ముహూర్తానికి ఇంకా సమయం ఉండడంతో ఒక ఆటో మాట్లాడుకొని కొల్హార్ దారి పట్టాను. నా చిన్నతనంలో నౌబాద్ దాటితే ఆ దారిలో ఎర్ర మొరం నేల, జొన్న చేలు, వాటి వెనక ఒక చెరువు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు రెండు వైపులా రేకుల షెడ్లు, షిఫ్టు దిగి ఆటోల కోసం నిలబడిన కార్మికులు. చెరువు సగం పూడిపోయి, మిగిలిన సగం తుంగ పట్టి ఉంది. దిగి చాలాసేపు ఆకాశం వైపు చూశాను. ఏం చూస్తున్నారని డ్రైవరు అడిగాడు. రాబందుల కోసమని చెప్పాను. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. రాబందును బొమ్మల్లో తప్ప చూడలేదన్నాడు. మా కాలంలో ఆ గట్టు మీద ఒక గొడ్డు చచ్చి పడితే మధ్యాహ్నానికి ఆకాశమంతా రాబందులే. పశువుల నొప్పులకు వాడిన ఒక మందు ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టిందని తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చారు. తేల్చడమంటే ఎందరో మనుషులు ఓపికగా చూసి, చూసింది రాసి, మరొకరి చేత సరిచూపించుకోవడం. నేనెరిగినవాళ్ళలో అలా చూసి రాసిన మొదటి మనిషి చూసింది ఆ చెరువు గట్టు మీదే. అతని పేరు సంగయ్య. నా జీవితంలో చాలామందితో వాదించాను, కొందరిని ద్వేషించాను, దాచుకోలేదు. దాచుకున్నది ఒక్క అసూయే. అది సంగయ్య మీద.

మా ఇల్లు బీదర్ బజారులో ఉండేది. కింద దుకాణం, పైన కాపురం. మా నాయన, ఆయన అన్న పెద్దబాపు కలిసి కందులు, శనగలు, బెల్లం టోకున అమ్మేవారు. మెట్ల దాకా పేర్చిన గోనెసంచుల వాసన, వేసవిలో కరిగే బెల్లం వాసన మా బట్టలకు, పుస్తకాలకు కూడా పట్టి ఉండేవి. అమ్మ జొన్నరొట్టె చరిచే చప్పుడుతో మాకు తెల్లవారేది. ఇంట్లో తెలుగు, దుకాణంలో ఉర్దూ, బడిలో కన్నడం. జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళయినా పెద్దవాళ్ళ నోట ఇంకా హైదరాబాదు మాటే. పెద్దబాపు తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం చేసి, నుదుట విభూతి పెట్టి, పటాలన్నిటికీ పేరుపేరునా దండం పెట్టి కిందికి దిగేవాడు. రైతు సంచి మూతి విప్పగానే ఒక కంది గింజ తీసి పంటి కింద పెట్టి, కళ్ళు మూసుకొని కొరికేవాడు. ఆ చప్పుడును బట్టి గింజ ఎంత ఎండిందో చెప్పేవాడు. మాకు సరుకు అవసరం లేని రోజున కూడా గింజ బాగుంటే బాగుందని రైతు ముఖం మీదే చెప్పి పక్క దుకాణానికి పొమ్మనేవాడు. నాయన దానికి విసుక్కునేవాడు. నాకు మాత్రం పెద్దబాపులో ఆ విభూతి తప్ప మరేమీ కనబడేది కాదు. ఇరవై ఏళ్ళ హేతువాదిని. పటాల గదిలోకి పోవడం మానేసి, ఆ మానేసిన సంగతి అందరికీ చెబుతూ తిరిగేవాణ్ణి.

ప్రతి ఆదివారం పొద్దున బసప్ప మేష్ట్రు ఇంటి వరండాలో పదిపన్నెండు మందిమి కూడేవాళ్ళం. మేష్ట్రు రిటైరయిన కన్నడ ఉపాధ్యాయుడు. తెలుగు వచ్చు, కానీ మధ్య మధ్య కన్నడం పడేది. జాతకాల మీద, శకునాల మీద, పూనకాల మీద చర్చలు జరిగేవి. అక్కడ నా మాటకు ఎదురుండేది కాదు. ఒకసారి నౌబాద్‌లో ఒక వేపచెట్టు నుంచి పాలు కారుతున్నాయని జనం పోగయితే, చూసివచ్చిన వాళ్ళు పది రకాలుగా చెప్పారు. అప్పుడు నేనొక నియమం పెట్టాను. ఏ వింతనైనా ఇద్దరు చూడాలి. చూసేటప్పుడు మాట్లాడుకోకూడదు. అదే రోజు వేర్వేరు గదుల్లో కూర్చొని చూసింది రాయాలి. రెండు కాగితాలూ కలిసిన మేరకే అది చూసినట్టు లెక్క. మేష్ట్రు ఆ నియమాన్ని రిజిస్టరు మొదటి పేజీలో రాయించాడు. చిట్గుప్ప ఊరి దాకా దాని సంగతి పాకింది. ఆ నియమం నా పేరుతో చెప్పుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరించేది.

సంగయ్య పశువుల దవాఖానాలో కంపౌండరు. సరిహద్దు పల్లె నుంచి వచ్చిన వ్యవసాయ కుటుంబం, నాకంటే మూడేళ్ళు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు, నేను సంగన్నా అనేవాణ్ణి. మూడు నెలల పాటు వరండా చివర కూర్చొని విని పోయేవాడు. ఒక ఆదివారం నేను జెర్రిపోతు ఆవు పాలు తాగుతుందనే నమ్మకాన్ని ఉతికి ఆరేస్తున్నాను. పాముకు పాలు పీల్చే నోరే లేదని, అలా జరిగిందని చెప్పే రైతులంతా అబద్ధాలకోర్లని అన్నాను. సంగయ్య లేచి, పాము తాగదన్నది నిజమేనని, కానీ రైతులు అబద్ధమాడడం లేదని మెల్లగా చెప్పాడు. తెల్లారి చూస్తే ఆ చన్ను ఎండిపోయి ఉంటుంది, మీద గాటు ఉంటుంది, అది పొదుగు వాపు, తాను చేత్తో పట్టి చూశానన్నాడు. వాళ్ళు చూసింది నిజం, చెప్పుకున్న కారణం తప్పు. అంతే చెప్పి కూర్చున్నాడు. మేష్ట్రు ముఖం వెలిగిపోయింది. "నీకు నోరుంది, ఇతనికి కన్నుంది. మనకు రెండూ బేకు, రెండూ కావాలి" అన్నాడు నాతో. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి పోయేదాకా ఆ మాటనే తిప్పి తిప్పి చెప్పుకున్నాను. ఆ తర్వాత నేను మాట్లాడుతుంటే జనం ఒకసారి వరండా చివరికి చూసేవారు, సంగయ్య ఒప్పుకుంటాడా అన్నట్టు. నేను రాత్రంతా చదివి చెప్పినదాన్ని అతను తల ఊపి చెల్లుబాటు చేసేవాడు. అది నాకు భరించరానిదయింది.

ఆ చలికాలంలో పక్షి వచ్చింది. చచ్చిన గొడ్లను ఆ చెరువు గట్టున వేసి తోలు తీసేవారు. ఏదైనా అంటురోగంతో చచ్చిందేమో చూడడానికి సంగయ్య అక్కడికి సైకిలు మీద పోతుండేవాడు. అలా పోయినప్పుడు రాబందుల మధ్య ఒక సముద్రపు పక్షి కనబడింది. చలికాలంలో మా చెరువులకు ఎప్పుడైనా గల్ అనే ఆ సముద్రపు పక్షుల్లో చిన్నరకం రావడం కద్దు, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు. ఇది వాటికి రెండింతలుంది. వెనకటి డాక్టరెవరో దవాఖానా బీరువాలో వదిలిపోయిన ఒక ఇంగ్లీషు పక్షుల పుస్తకం, ఒక కన్నే పనిచేసే దుర్భిణి సంగయ్య దగ్గరుండేవి. వారం రోజులు పోయి చూశాడు, బొమ్మ గీశాడు, నిఘంటువు పక్కన పెట్టుకొని ఆ పుస్తకం చదివాడు. పడమటి తీరానికి వచ్చే పెద్ద గల్ పక్షులకు వీపు బూడిద రంగు, రెక్కల కొనలు మాత్రం నలుపు. అదే జాతిలో బాల్టిక్ సముద్రం చుట్టూ పొదిగే ఉపజాతి ఒకటుంది. దాని వీపూ రెక్క కొనలూ ఒకే నలుపు. కాళ్ళు పచ్చని పసుపు. అది చలికాలం ఆఫ్రికాకు పోతుంది, మన వైపు రాదు. సముద్రానికి అంత దూరంలో ఉన్న బీదర్‌కు అసలే రాదు. వచ్చిందని సంగయ్య తేల్చుకున్నాడు.

మా ఆదివారం మండలి ఉత్తరాలన్నీ నేనే ఇంగ్లీషులో రాసేవాణ్ణి. అతను నన్ను అడగలేదు. తన వచ్చీరాని ఇంగ్లీషులో బొంబాయిలోని ఒక పక్షిశాస్త్రవేత్తకు రాసి, బొమ్మ జతచేసి పంపాడు. రెండు వారాల్లో టైపు చేసిన జవాబు వచ్చింది, ప్రియమైన సంగయ్య గారికి అని. నేను అదే ఏడాది పత్రికలకు పంపిన మూడు వ్యాసాలకు అందినట్టు కార్డు ముక్కయినా రాలేదు. మేష్ట్రు ఆ జవాబును వరండాలో నిలబడి చదివాడు. మీరు చెప్పింది నిజమైతే చాలా గొప్ప సంగతి, కానీ ఒక్కరు చూసింది చాలదు, మరొకరెవరైనా చూసి, మీతో మాట్లాడకుండా, కాళ్ళ రంగు గురించి, వీపుకూ రెక్క కొనకూ నలుపులో తేడా ఉందా లేదా అన్న దాని గురించి విడిగా రాసి పంపగలరా అని అందులో ఉంది. మేష్ట్రుకు ఆనందం పట్టలేదు. మన నియమమే బొంబాయివాళ్ళదీ అంటూ నా భుజం తట్టాడు. సంగయ్య సాక్షి కోసం నా వైపు తిరిగాడు.

"నువ్వే గవాయి కావాలె తమ్మీ. నువ్వు జల్దిన దేన్నీ ఒప్పుకోవు. నువ్వు అవునంటే ఇగ ఎవ్వరు కాదనరు."

మర్నాడు ఇద్దరం సైకిళ్ళ మీద పోయాం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. గట్టు దగ్గరికి వచ్చేసరికి కుళ్ళు వాసనకు నేను ముక్కు మూసుకున్నాను, సంగయ్య మూసుకోలేదు. ఒక ఎద్దు కళేబరం చుట్టూ రాబందులు, కొంచెం ఎడంగా బురదలో ఆ పక్షి. దుర్భిణి నా చేతికిచ్చి, తాను అక్కడుంటే నా చూపు మీద పడుతుందని చెప్పి, యాభై అడుగులు నడిచి, చెరువుకు వీపు పెట్టి నిలబడ్డాడు. పక్షి ఎటుందో వేలుతో కూడా చూపలేదు. నియమం అట్లా చెబుతుంది కదా. నేను దుర్భిణి ఎత్తాను. తలా ఛాతీ తెల్లగా, వీపు నల్లగా ఉన్నాయి. అది ఒక కాలు ఎత్తి గోక్కుంది. ఆ కాలు అప్పుడే తీసిన పసుపుకొమ్ములా ఉంది. తర్వాత ఒక రెక్క సాచింది. వీపు నుంచి కొన దాకా ఒకే నలుపు, ఎక్కడా గీత లేదు. మొత్తం అరనిమిషం. ఎంత స్పష్టంగా చూశానంటే ఇవాళ కూడా కళ్ళు మూసుకుంటే ఆ కాలు కనబడుతుంది. దుర్భిణి దించేసి సంగయ్య వీపు వైపు చూశాను. పనికి వేసుకునే ఖాకీ చొక్కా, చెమట మరక. నా మీద అంత నమ్మకంతో నిలబడి ఉన్నాడు. ఆ నమ్మకం చూసి కరిగిపోవలసినవాణ్ణి, మండిపోయాను. బొంబాయి వాళ్ళు రేపు అచ్చువేస్తారు. పక్షిని చూసినవాడు సంగయ్య, సాక్షి నేను. జీవితమంతా అతనికి సాక్షిగా మిగిలిపోతానని అనిపించింది.

మేష్ట్రు ఇంట్లో అతన్ని ముందు గదిలో, నన్ను వంటింటి పక్క గదిలో కూర్చోబెట్టారు. మేష్ట్రు భార్య ఉప్పిట్టు పెట్టి పోయింది. దాన్ని ముట్టకుండా నేను ఇలా రాశాను: "దూరం వల్ల కాళ్ళ రంగు నిర్ధారించలేకపోయాను. వీపు ముదురు బూడిద రంగుగా తోచింది. రెక్కల కొనలు అంతకంటె నలుపు." మూడు వాక్యాలు. ఒక్కటీ గట్టి అబద్ధంలా వినబడదు. ఎంతో జాగ్రత్తగల మనిషి రాసినట్టుంటుంది. తర్వాతి ఆదివారం మేష్ట్రు రెండూ చదివినప్పుడు అందరూ నన్నే మెచ్చుకున్నారు. స్నేహం కోసం కూడా కనబడనిదాన్ని కనబడిందని రాయలేదని. సంగయ్య నా కాగితం అడిగి తీసుకొని రెండుసార్లు చదివాడు. "నీకట్ల కనబడితె అట్లనే రాయాలె" అన్నాడు. తర్వాత రెండు కాగితాలూ ఒకే కవరులో పెట్టి, తానే బొంబాయికి పోస్టు చేశాడు. నా కాగితం పంపకుండా దాచినా అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన అతనికి రాలేదు. నాకు వచ్చింది.

ఇంట్లో అన్నాల దగ్గర ఈ కథను గొప్పగా చెప్పాను. పుంటికూర కలుపుకుంటున్న పెద్దబాపు తల ఎత్తకుండా, "కాళ్ళు కనబడలేదారా నీకు? చీమ కాళ్ళు గూడ కనబడే వయసు గదా" అన్నాడు. దూరమని చెప్పాను. కాసేపు తిని, "మనం కొనకపోతె మానె. సరుకు మంచిగుంటె మంచిగుందనాలె బిడ్డా" అన్నాడు. ఆయన పక్షి గురించి అన్నాడో, అలవాటుగా కందుల గురించి అన్నాడో అప్పుడు తెలియనట్టు నటించాను. దేవుణ్ణి నమ్మే మనిషి ఎదుట, నమ్మని నేను తలవంచుకొని అన్నం తిన్న పూట అదొక్కటే.

బొంబాయి నుంచి మర్యాదగా రెండు వరుసలు వచ్చాయి: నిర్ధారణ కాలేదు, నమోదు చేయడం లేదు. ఈలోపు పక్షి వెళ్ళిపోయింది. సంగయ్య ఇంకో పది రోజులు చెరువు చుట్టూ తిరిగాడు. తర్వాత ఒకనాడు దుకాణానికి వచ్చి, సెలవు పెట్టి హైదరాబాదులో కంటి డాక్టరుకు చూపించుకొని వచ్చానన్నాడు.

"కండ్లు మంచిగనే ఉన్నయట తమ్మీ. అద్దాలు అక్కర్లేదన్నడు. అంటె గలతి కంట్ల లేదు, నా మనసుల ఉన్నదన్నట్టు. నాకు అది కావాల్నని ఉండె. అందుకె అట్ల కనబడ్డది."

ఇది నా మాటే. మనిషి కోరుకున్నదే కన్ను చూపిస్తుందని, అందుకే భక్తుడికి విగ్రహం కదిలినట్టుంటుందని నేను వరండాలో ఎన్నిసార్లో చెప్పాను. అతను దాన్ని నిజాయితీగా తనకు వర్తింపజేసుకున్నాడు. అప్పుడైనా చెప్పవలసింది. దుకాణం ముందు ఎద్దుబండి ఆగింది, హమాలీలు సంచులు దించుతున్నారు, నేను వాళ్ళ మీద కేకలు వేస్తూ లోపలికి పోయాను. సంగయ్య ఆ తర్వాత ఏదీ రాయలేదు. దుర్భిణి దవాఖానా బీరువాలో పెట్టేశాడు. వరండాలో పొదుగు గురించో, గిట్టల గురించో ఎవరైనా అడిగితే, నాకట్ల అనిపిస్తది గని మీరు ఇంకొకల్లను అడుగుండ్రి అనేవాడు. అంతకంటే నీచమైన పని ఇంకొకటి చేశాను. కోరిక కంటిని ఎలా మోసగిస్తుందో వివరిస్తూ ఒక వ్యాసం రాశాను. అందులో ఉదాహరణగా, పేరు చెప్పకుండా, ఒక కంపౌండరు, ఒక సముద్రపు పక్షి. పత్రిక వెంటనే వేసుకుంది. రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన రోజుల్లో వచ్చిన నా మొదటి పుస్తకానికి ఆ వ్యాసంతోనే పేరొచ్చింది. నేను హైదరాబాదు చేరాను. సభలు, దండలు, వాదాలు. బాబాలను, జ్యోతిష్కులను వేదికల మీద నిలదీసి మీ సాక్షులెవరని గర్జించాను. ఆ గర్జనలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను, వాళ్ళు మోసగాళ్ళే. కానీ నేను అడిగిన ప్రతిసారీ ఒక ఖాకీ చొక్కా వీపు నా కళ్ళముందు నిలిచేది.

పోయిన మాఘంలో ఆ పెళ్ళిలో ఎవరో చెప్పారు, సంగయ్య నౌబాద్‌లో కూతురి ఇంట్లో ఉన్నాడని. భోజనాలు కాగానే వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చొని మేకపిల్ల గిట్ట శుభ్రం చేస్తున్నాడు. ఎనభై దాటినా కళ్ళకు అద్దాలు లేవు. గొంతు వినగానే గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకొని, కూతురితో చాయ పెట్టించాడు. నేను చాయ చల్లారేదాకా కూడా ఆగలేదు. ఆ రోజు పక్షిని స్పష్టంగా చూశానని, కావాలనే అబద్ధం రాశానని చెప్పేశాను. అతను మేకపిల్లను వదిలేశాడు. అది తల్లి దగ్గరికి కుంటుతూ పోయింది. ఎందుకని అడిగాడు. నీ మీద అసూయతో అన్నాను.

"నా మీదనా? దవాఖాన కంపౌండర్ మీద నీకు అసూయనా?" అని కూతురి వైపు చూసి నవ్వాడు, నేను పరాచికాలాడుతున్నానన్నట్టు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. నేను తిట్ల కోసం సిద్ధపడి కూర్చున్నాను.

"కాళ్ళు?" అన్నాడు చివరికి.

"పసుపు."

"వీపు?"

"రెక్క కొనకూ దానికీ తేడా లేదు. మొత్తం నలుపే."

అతను రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. "నాకు కనబడ్డదే కనబడ్డది నీకు" అన్నాడు, నాతో కాదు. నేను ఇప్పుడే బొంబాయికి రాస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. "చెల్లది. అదే దినం రాయాలె. మనమిద్దరం మాట్లాడుకోవద్దు. ఇప్పుడు మాట్లాడుకుంటిమి గద." అందులో ఎత్తిపొడుపు లేదు, ఉంటే బాగుండేది. తర్వాత నా వైపు జరిగి, పరీక్ష రాసివచ్చిన పిల్లవాడిలా ఆత్రంగా అడిగాడు: "ఇంకేం జూసినవ్ తమ్మీ? దాని కన్ను జూసినవా? ఎడమ కాలు నడిమి వేలు సగమే ఉండె, జూసినవా?"

నేను అవేవీ చూడలేదు. పక్షిని చూసింది అరనిమిషం, మిగతా సేపంతా అతని వీపునే చూశాను. ఆ మాటే చెప్పాను. "అయ్యో" అన్నాడు సంగయ్య. అబద్ధం విన్నప్పుడు రాని బాధ అప్పుడు వచ్చింది అతని ముఖంలోకి. నా మీద జాలిపడ్డాడు. ఆ కన్ను చుట్టూ ఎర్రటి అంచు ఉండేదని, రాబందులు తిని లేచేదాకా అది ఒంటికాలి మీద ఓపికగా నిలబడేదని, నీళ్ళు తాగాక తల ఎత్తి గుటక వేసేదని, తెల్లారగట్ల ఎగిరితే ఎండ పడి కడుపు కింద వెన్నలా మెరిసేదని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఏదీ మరిచిపోలేదు. మనసులోని పొరపాటని నమ్ముతూ కూడా ఇన్నేళ్ళు దాన్నంతా పారేయకుండా దాచుకున్నాడు. నేను చల్లారిన చాయ చేతిలో పట్టుకొని విన్నాను. క్షమాపణ అడగాలని వచ్చినవాణ్ణి, ఆ మాట నోటిదాకా రానేలేదు. అతని ముఖం చూస్తూ కూర్చున్నాను, ఆ పక్షి ఇంకా అతనిదే, నాకు అందులో ఒక కాలు, ఒక రెక్క తప్ప ఏమీ లేవు, మళ్ళీ అదే కడుపుమంట, నా ఇరవై ఏళ్ళ వయసునాటిదే.